గోళీల ఇంటిపేర్లు

మా బాపుకు చాలా కాలం 'మందు' అంటే బొగ్గును పేల్చేదే. గోదావరిఖనిలో ఒక భూగర్భ గనిలో ఫిల్లర్‌గా చేరి, తట్టతో బొగ్గెత్తి టబ్బులు నింపుతూ కొలువు మొదలుపెట్టిన మనిషి ఆయన. షిఫ్టు దిగి ఇంటికొచ్చి, "ఇయ్యాల మందు మంచిగ పేలలే, బొగ్గు తక్వ పడ్డది" అనేవాడు. దవాఖానలో ఇచ్చేదాన్ని మా ఇంట్లో మందు అనేవాళ్ళం కాదు, గోళి అనేవాళ్ళం. జరం గోళి, దగ్గు గోళి, నొప్పుల గోళి. గోళికి అంతకు మించి ఒక పేరుంటుందనీ, దాన్ని మనం తెలుసుకోవాల్సి వస్తుందనీ ఎవరమూ అనుకోలేదు.

రిటైరయ్యాక బాపుకు గోళీలు ఎక్కువయ్యాయి. పాత బిస్కెట్ల డబ్బాలో స్ట్రిప్పులన్నీ వేసి పెట్టుకునేవాడు. ఆయన తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదువుతాడు. స్ట్రిప్పుల మీద మాత్రం తెలుగు ఉండదు. అందుకని తన పద్ధతి తను పెట్టుకున్నాడు. చిన్న తెల్లది పొద్దుగాల. నడుమ గీత ఉన్నది రాత్రి. ఎర్ర రేకుది బువ్వ తినకముందు. ఈ పద్ధతి చాలా ఏళ్ళు బాగానే నడిచింది.

2016 ఎండాకాలంలో బాపు హైదరాబాద్ వచ్చి నా దగ్గర కొన్నాళ్ళున్నాడు. గోళీల డబ్బా ఖనిలోనే మర్చిపోయి వచ్చాడు. బీపీ పెరిగినట్టు అనిపిస్తే ఇంటి దగ్గర్లో ఒక డాక్టరుకు చూపించాను. ఆయన ఒక గోళి రాసి, "ఇంటికెళ్ళాక పాతది ఏమిటో చూసి ఒకసారి ఫోన్ చెయ్యండి" అన్నాడు. సరేనన్నాను. బాపు ఊరికెళ్ళిపోయాడు. నేను మర్చిపోయాను.

నెల తిరక్కముందే బాపు కాళ్ళు వాచాయి. వయసు మీద పడ్డదిలే అనుకున్నారట. ఒకరోజు పొద్దున్నే నల్లా దగ్గర కళ్ళు తిరిగి పడ్డాడు. అవ్వ ఫోన్ చేస్తే రాత్రి బండికే బయల్దేరాను. నుదుటి మీద నాలుగు కుట్లు. ఇంకేం కాలేదు, మా అదృష్టం. ఆ మధ్యాహ్నం డబ్బా మూత తీసి స్ట్రిప్పులు మంచం మీద పరిచాను. బాపు రోజూ వేసుకుంటున్న వాటిలో రెండు నాకు కొత్తగా కనిపించాయి. రెండు కంపెనీలు, రెండు రంగులు, రెండు పేర్లు, ఒకదానికొకటి పోలికే లేదు. కానీ రెండింటి మీదా, పెద్ద పేరు కింద, చీమల బారులాంటి అక్షరాల్లో ఒకే మాట ఉంది. ఆమ్లోడిపిన్. అక్కడ 5 మిల్లీగ్రాములు, ఇక్కడ 5 మిల్లీగ్రాములు.

ఇంగ్లీషులో ఎమ్మే చేసిన బిడ్డను నేను. ఆ చిన్న అక్షరాలు చదవగలిగీ చదవనిదాన్ని నేనే. బాపు మాత్రం, "ఒకటి తెల్లది, ఒకటి పసుపుది ఉన్నది గద బిడ్డా, రెండూ ఒకటే అని నాకెట్ల తెలుస్తది?" అన్నాడు.

నాకు మందుల పేర్ల పిచ్చి అక్కడ మొదలైంది. ఒకే గోళికి ఇన్ని పేర్లెందుకు? అందులో అసలు పేరేది? ఆ పేరు ఎవరు పెట్టారు?

*

మందుకు పుట్టుక నుంచి అమ్మకం దాకా మూడు నాలుగు పేర్లు మారతాయి. దీనికి హైదరాబాద్ నుంచే ఒక ఉదాహరణ ఉంది. 1990ల్లో డాక్టర్ రెడ్డీస్ పరిశోధనశాలలో మధుమేహం కోసం ఒక కొత్త అణువు తయారైంది. ల్యాబ్‌లో దాని పేరు డీఆర్ఎఫ్ 2593. అంటే ఒక నంబరు, అంతే. 1997లో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు దాని లైసెన్సు ఇచ్చినప్పుడు పత్రికలన్నీ రాశాయి. తర్వాత దానికి బాలాగ్లిటాజోన్ అన్న పేరొచ్చింది. చివర్న ఉన్న 'గ్లిటాజోన్' ఆ కుటుంబం మొత్తానిది. పయోగ్లిటాజోన్, రోసిగ్లిటాజోన్ దాని దాయాదులు. ముందున్న 'బాలా' మాత్రం దానికే సొంతం. ఇక దుకాణంలో అడిగి కొనుక్కునే పేరు దానికి రానే లేదు. ఆ మందు మార్కెట్టుకు చేరలేదు.

నంబరు పేర్లు మా ఊరి వాళ్ళకు వింతేమీ కాదు. మా గనులన్నీ నంబర్లే. జీడీకే-1, జీడీకే-2, అట్లా జీడీకే-11 దాకా. 'ఎయిట్ ఇంక్లైన్ కాలనీ' అనే చిరునామాకు పెళ్ళి శుభలేఖలు వస్తాయి. ఊరి పేరులోనే గోదావరి ఒకటి, ఖని ఒకటి. ఏ నదో, ఏ పనో కలిపి చెప్పేసే పేరు. మందుల అసలు పేర్లు కూడా ఇదే తీరులో ఉంటాయని తర్వాత తెలిసింది.

ఆ అసలు పేరునే మనం జనరిక్ పేరు అంటున్నాం. దీని వెనుక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉంది. 1950లో ఆ సంస్థ సభ్యదేశాల సభ ఒక తీర్మానం చేసింది. ప్రతి మందుకూ ప్రపంచమంతటా చెల్లే ఒకే పేరు ఉండాలి, ఆ పేరు ఏ కంపెనీ సొత్తూ కాకూడదు. 1953లో మొదటి జాబితా వెలువడింది. అప్పట్నుంచి కొత్త మందు కనిపెట్టినవాళ్ళు కొన్ని పేర్లు సూచిస్తారు, నిపుణుల బృందం వాటిని వడగట్టి ఒకటి ఖాయం చేస్తుంది. ముందు ప్రతిపాదన ప్రకటిస్తారు. అభ్యంతరాలకు గడువిస్తారు. ఆ తర్వాత అది అందరిదీ.

ఈ పేర్లలో గుట్టంతా ఎక్కువగా తోకలో ఉంటుంది. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్, ఫెలోడిపిన్. 'డిపిన్' అని ముగిసేవి రక్తనాళాలను సడలించి బీపీ తగ్గించేవి. అటెనోలాల్, మెటోప్రోలాల్, ప్రొప్రనోలాల్. 'ఒలాల్' వాళ్ళు గుండె వేగాన్ని నెమ్మదింపజేస్తారు. 'ప్రిల్' ఒక కుటుంబం, 'సార్టాన్' ఇంకో కుటుంబం, ఇద్దరూ బీపీ పనే చేస్తారు కానీ దారులు వేరు. 'స్టాటిన్' కొలెస్టరాల్‌కు. 'ప్రజోల్' కడుపులో ఆమ్లానికి. 'గ్లిప్టిన్' షుగరుకు. 'సిలిన్' పెన్సిలిన్ సంతతి.

మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందుంటుంది, మందులకు చివరుంటుంది. కొన్నిటికి మాత్రం మనలాగే ముందుంటుంది. సెఫాలెక్సిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ ఉన్నాయి కదా, వాటి ఇంటిపేరు 'సెఫ్'. అట్లాగని చివరి అక్షరం కలిసిన ప్రతిదీ బంధువు కాదు. పారాసెటమాల్‌లో చివర 'ఆల్' వినిపించినా అది అటెనోలాల్‌కు ఏమీ కాదు. పేరు చూసి చుట్టరికం పోల్చుకోవచ్చు గానీ, దాన్ని బట్టి మనమే డాక్టర్లమైపోవడం కుదరదు.

ఇంకో నియమం చదివి నవ్వొచ్చింది. ఈ పేర్లలో వీలైనంత వరకు 'హెచ్', 'కె' అక్షరాలు వాడొద్దు. 'పీహెచ్' రావాల్సిన చోట 'ఎఫ్', 'టీహెచ్' రావాల్సిన చోట 'టి', 'వై' బదులు 'ఐ' రాయాలి. ఎందుకంటే ప్రపంచంలో రకరకాల నోళ్ళు ఆ పేరును పలకాలి. అంటే ఒత్తులు తీసెయ్యమని. మా అవ్వ 'భూమి'ని 'బూమి' అన్నట్టు, 'ఘనం'ను 'గనం' అన్నట్టు. మహాప్రాణాలు పలకవని మా భాషను బళ్ళో వెక్కిరించిన వాళ్ళున్నారు. జెనీవాలో కూర్చున్న పెద్దలు అదే పని నియమంగా పెట్టుకున్నారు.

*

అయితే ఈ పద్ధతి రాకముందు ఏం జరిగేది? ఆ చరిత్ర వెతుక్కుంటూ పోతే, నేను ఊహించని చోట, మళ్ళీ బొగ్గు దగ్గరికే వచ్చి పడ్డాను.

పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ నగరాల్లో వీధి దీపాలు బొగ్గు గ్యాసుతో వెలిగేవి. గాలి తగలకుండా బొగ్గును కాలిస్తే గ్యాసు వస్తుంది, అడుగున నల్లటి జిగట తారు మిగులుతుంది. పారబోయడానికి చోటు లేని ఆ తారును రసాయనవేత్తలు విడగొట్టడం మొదలుపెట్టారు. 1834లో జర్మనీలో రుంగే అనే ఆయన అందులోంచి ఒక ఆమ్లం తీసి, దానికి కార్బాలిక్ ఆమ్లమని పేరు పెట్టాడు. లాటిన్‌లో 'కార్బో' అంటే బొగ్గు, 'ఓలియమ్' అంటే నూనె. బొగ్గు నూనె ఆమ్లమన్నమాట. దవాఖానల్లో నేల తుడిచిన వాసన గుర్తుందా, ఆ వాసన ఇదే. అదే పదార్థానికి తర్వాత స్థిరపడిన పేరు ఫినాల్. 'ఫీన్' అన్న మూలాన్ని ఫ్రెంచ్ రసాయనవేత్త లోరాన్ గ్రీకు నుంచి తెచ్చాడు. వెలుగునిచ్చేదని దానర్థం. దీపాల గ్యాసు తయారీలో మిగిలిన తారులోంచి వచ్చింది కనుక ఆ పేరు.

ఇప్పుడు మనకు జ్వరమొస్తే వేసుకునే గోళి చూడండి. దాని రసాయన నామం పారా-అసిటైల్-అమైనో-ఫినాల్. దాన్ని అక్కడక్కడా కత్తిరించి బ్రిటన్ వాళ్ళు పారాసెటమాల్ అన్నారు. అమెరికా వాళ్ళు ఇంకో చోట కత్తిరించి అసిటమినోఫెన్ అన్నారు. టైలెనాల్ అనే అమెరికా బ్రాండు పేరు కూడా ఆ పొడుగు పేరులోంచి తీసిన ముక్కలే. బొగ్గు తారు వెలుగు మన పేరులోంచి చాలావరకు రాలిపోయింది. అమెరికా పేరు చివర 'ఫెన్'లో మిగిలింది.

ఆ గోళి మన చేతికి రావడం వెనుక ఒక పొరపాటు కథ ఉంది. 1886లో స్ట్రాస్‌బర్గ్‌లో కాన్, హెప్ అనే ఇద్దరు డాక్టర్లు కడుపులో పురుగులున్న రోగికి నాఫ్తలీన్ ఇవ్వబోయారు. దుకాణం నుంచి పొరపాటున వేరే పదార్థం వచ్చింది. పురుగులు పోలేదు, కానీ జ్వరం తగ్గింది. ఆ వచ్చింది ఎసిటనిలైడ్. అది కొత్త పదార్థం కాదు. రంగుల ఫ్యాక్టరీల్లో అప్పటికే తెలిసిందే. పేటెంటు తీసుకునే వీలు లేదు. అయితే దాన్ని అమ్మిన కల్లే అనే కంపెనీ ఒక తెలివైన పని చేసింది. పదార్థానికి బదులు పేరును సొంతం చేసుకుంది. 'యాంటీఫెబ్రిన్' అని పెట్టింది. లాటిన్‌లో 'ఫెబ్రిస్' అంటే జ్వరం. డాక్టర్లకు ఎసిటనిలైడ్ అనే నోరు తిరగని పేరు కంటే ఇది తేలిక. చీటీ మీద ఇదే రాయసాగారు. లోపలున్నది ఒకటే అయినా, పేరున్న సీసాకు ఒక ధర, పేరులేని సీసాకు ఒక ధర. ఇవాళ మన మందుల షాపులో నడిచే కథకు తొలి అంకాల్లో అదొకటి.

ఎసిటనిలైడ్ అనే ఆ పాత పేరులో మన ముక్క కూడా ఒకటుంది. అందులోని 'అనిల్' అనే మాట అనిలిన్ నుంచి వచ్చింది. అనిలిన్‌ను మొదట్లో నీలిమందు నుంచి తీశారు. పోర్చుగీసులో నీలిమందును 'అనిల్' అంటారు. అది అరబ్బీ 'అన్-నీల్' నుంచి, అది మన 'నీల' నుంచి. సంస్కృతం మాట అరబ్బు ఓడల్లో పశ్చిమానికి పోయి, బొగ్గు తారులో మునిగి, జ్వరం గోళిగా తిరిగొచ్చింది. తెలుగులో దాన్ని మనం మొదట్నుంచీ 'నీలిమందు' అనే పిలిచాం. రంగుకూ మందే, బొగ్గు పేల్చేదానికీ మందే, పురుగులకు కొట్టేదీ మందే, రోగానికీ మందే. మన భాషకు ఆ తేడాల పట్టింపు లేదు. విషాదం ఏమిటంటే ఎసిటనిలైడ్ ఎక్కువైతే రోగి చర్మం నిజంగానే నీలంగా మారేది. రక్తం ఆక్సిజన్ మోయలేకపోయేది. 1948లో అమెరికాలో బ్రాడీ, యాక్సెల్‌రాడ్ ఒక సంగతి తేల్చారు. ఎసిటనిలైడ్ మన ఒంట్లో చేరాక పారాసెటమాల్‌గా మారుతుంది, పని చేసేది అదేనని. అప్పుడు పాతదాన్ని వదిలి దీన్ని పట్టుకున్నారు.

1886 అనగానే నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. యాంటీఫెబ్రిన్ పేరు పుట్టిన ఆ ఏడాదే, ఇల్లందు బొగ్గు తవ్వే హక్కు ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికొచ్చింది. అదే 1920లో సింగరేణి కాలరీస్ అయింది. రెండూ ఒకే ఏడాది జరగడం యాదృచ్ఛికమే. మా బొగ్గు గోళీలుగా మారలేదు, ఎక్కువగా కరెంటుగానే మారింది. కానీ హైదరాబాద్‌లో తార్నాక దగ్గర ఒక పరిశోధనశాల ఉంది, ఇప్పటి ఐఐసీటీ. నిజాం ప్రభుత్వ కాలంలో 1944లో మొదలైంది. తొలి దశాబ్దాల్లో అక్కడి శాస్త్రవేత్తల ముఖ్యమైన పనుల్లో బొగ్గు ఒకటి. తర్వాత వాళ్ళ దృష్టి మందుల తయారీ వైపు మళ్ళింది. యూరప్ ఒక శతాబ్దంలో నడిచిన దారిని ఆ ఒక్క ప్రాంగణం కొన్ని దశాబ్దాల్లో నడిచింది.

పేరును సొంతం చేసుకునే ఆటలో పెద్ద గెలుపు, పెద్ద ఓటమి రెండూ ఆస్పిరిన్‌వే. 1899లో బేయర్ కంపెనీ ఆ పేరు పెట్టింది. 'ఎ' అసిటైల్ నుంచి, 'స్పిర్' స్పైరియా అనే మొక్క నుంచి, 'ఇన్' అప్పటి అలవాటు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ ఓడిపోయాక చాలా దేశాల్లో బేయర్‌కు ఆ పేరు మీద హక్కు పోయింది. అమెరికాలో 1921లో లర్నెడ్ హ్యాండ్ అనే జడ్జి, జనం దృష్టిలో ఆస్పిరిన్ అంటే ఆ మందే తప్ప ఆ కంపెనీ కాదని తేల్చాడు. మనం వనస్పతిని డాల్డా అన్నట్టే. జనం నోట్లో ఎక్కువగా నలిగిన పేరు సొంతదారు చేతిలోంచి జారిపోతుంది.

*

తెలుగువాళ్ళలో మందుల చరిత్ర అనగానే యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. 1895లో భీమవరంలో పుట్టి, 1948లో న్యూయార్క్‌లో కన్నుమూసిన మనిషి. లెడర్లీ సంస్థలో పరిశోధనలన్నిటికీ అధిపతిగా ఉన్నారు. ఆయన పేరుతో ఒక్క గోళి కూడా లేదు. ఆయన బృందం చేతుల మీదుగా వచ్చిన మందుల పేర్లు విప్పి చూస్తే వేరే లోకం కనిపిస్తుంది.

మా అక్క కడుపుతో ఉన్నప్పుడు అంగన్‌వాడీలో ఇచ్చిన ఎర్ర గోళీ, మా వైపు 'రక్తం గోళి' అంటారు, అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. 'ఫోలియమ్' అంటే ఆకు. 1941లో టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూర నుంచి దాన్ని వేరుచేసినవాళ్ళు ఆ పేరు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది సుబ్బారావు బృందం. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే ఒక మందును కూడా వాళ్ళే చేశారు. దాని పేరు అమైనోప్టెరిన్. గ్రీకులో 'ప్టెరాన్' అంటే రెక్క. ఈ జాతి పదార్థాలు మొదట సీతాకోకచిలుకల రెక్కల రంగుల్లో దొరికాయి. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు అమైనోప్టెరిన్ ఇచ్చి, కొందరిలో రోగం కొంతకాలం వెనక్కి తగ్గిందని ప్రకటించాడు. దాని తర్వాతి మందు అమెథోప్టెరిన్. అది ఇప్పుడు మెథోట్రెక్సేట్. పేరు మారినప్పుడు రెక్క ఊడిపోయింది.

మా పాత కరీంనగర్ జిల్లాలో ఇంటింటికీ తిరిగి పంచిన బోదకాలు గోళీ కూడా వాళ్ళదే. లెడర్లీ దాన్ని హెట్రజాన్ అని అమ్మింది, అసలు పేరు డైఇథైల్‌కార్బమజైన్. బంగారు రంగు వల్ల ఆరియోమైసిన్ అని పేరు తెచ్చుకున్న యాంటీబయాటిక్ కూడా ఆ ప్రయోగశాలదే. సుబ్బారావు పేరు చివరికి ఒక శిలీంధ్రానికి దక్కింది. 1953లో ఒక శాస్త్రవేత్త కొత్త బూజు జాతికి 'సుబ్బరోమైసిస్' అని పెట్టాడు. మనుషుల పేర్లు మందులకు పెట్టకపోవడమే మేలని నాకిప్పుడు అనిపిస్తుంది. మందు పేరు విని రోగికి ఏదో ఒకటి అర్థం కావాలి. సుబ్బారావు గారి పేరు వింటే గర్వపడతాం, సరే. అది దేనికి వేసుకోవాలో ఎట్లా తెలుస్తుంది?

*

మన దేశంలో పేర్ల గొడవ పాతదే. 1975లో జైసుఖ్‌లాల్ హాథీ నాయకత్వంలోని కమిటీ బ్రాండు పేర్లను దశలవారీగా ఎత్తెయ్యాలని సిఫార్సు చేసింది. అది జరగలేదు. బ్రాండులు పెరిగాయి, ఒకదాన్నొకటి పోలిన పేర్లు పెరిగాయి. 2001లో సుప్రీంకోర్టు ముందుకు ఒక వింత కేసొచ్చింది. ఒకే కుటుంబ సంస్థ చీలి ఏర్పడ్డ రెండు కంపెనీలు, రెండింటి పేరులోనూ 'కాడిలా' ఉంది. ఒకరు ఫాల్సిగో అమ్ముతున్నారు, ఇంకొకరు ఫాల్సిటాబ్. రెండూ ఫాల్సిపారమ్ మలేరియాకే, కానీ లోపలి మందులు వేరు. ఒకటి ఆర్టెసునేట్, ఇంకోటి మెఫ్లోక్విన్. మందుల పేర్ల విషయంలో మామూలు సరుకుల కంటే గట్టి పరీక్ష పెట్టాలని కోర్టు చెప్పింది. పొరపాటు జరిగితే పోయేది డబ్బు కాదు, ప్రాణం. ఇంగ్లీషు తెలిసినవాళ్ళు కొద్దిమందే ఉన్న దేశంలో కొనేవాళ్ళు పేర్లలో సన్నని తేడా పట్టుకుంటారని అనుకోలేమని కూడా అంది. ఆ తీర్పు సారాంశం చదివినప్పుడు నాకు మా బాపు డబ్బా కళ్ళముందు కదిలింది. కానీ బాపు కేసు దానికి తిరగేసినది. అక్కడ వేరు వేరు మందులకు ఒకేలాంటి పేర్లు, ఇక్కడ ఒకే మందుకు వేరు వేరు పేర్లు. రెండోదాని మీద ఎవరూ కోర్టుకు పోరు, ఎందుకంటే అందులో కంపెనీలకు నష్టమేం లేదు.

2018లో ఒక నియమం వచ్చింది. ఒకే మందు ఉన్న గోళీల మీద అసలు పేరును బ్రాండు పేరు కంటే కనీసం రెండు సైజులు పెద్దగా అచ్చువెయ్యాలి. చీమల బారు కాస్త గండుచీమల బారైంది. మంచిదే. 2023 ఆగస్టులో డాక్టర్లు చీటీ మీద జనరిక్ పేరే రాయాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధన తెచ్చి, అదే నెలలో పక్కన పెట్టింది. నాణ్యతకు హామీ ఎవరిస్తారని డాక్టర్లు అడిగారు. తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదది. కానీ ఈ వాదనలన్నీ చదువుతుంటే నాకో సంగతి పదేపదే తట్టింది. పేరు పెద్దదైనా చిన్నదైనా అది ఇంగ్లీషులోనే ఉంది. ప్రపంచంలో ఎవరి నోరు తిరగాలన్నా తిరిగేట్టు ఒత్తులు తీసేసి, ఏ కంపెనీ సొత్తూ కాకుండా కాపాడి తయారుచేసిన పేరు. మా ఇంటి దాకా వచ్చింది కానీ, ఎవరి కోసం వచ్చిందో ఆ మనిషి చదవగలిగే లిపిలో లేదు.

*

అందుకని నేను చెయ్యగలిగిన చిన్న పని చేశాను. డాక్టరుతో మాట్లాడి ఏవి ఉంచాలో, ఏది మానాలో తేల్చుకున్నాక, ప్రతి స్ట్రిప్పు మీదా తెల్ల కాగితం ముక్క అంటించి, తెలుగులో అసలు పేరు రాశాను. ఆమ్లోడిపిన్ - బీపీ - పొద్దుగాల ఒకటి. మెట్‌ఫార్మిన్ - షుగర్ - తిన్నంక. అటోర్వాస్టాటిన్ - కొవ్వు - రాత్రి. బాపును కూర్చోబెట్టి తోకల సంగతి చెప్పాను. 'డిపిన్' ఉంటే బీపీదని, కొత్తగా ఎవరు ఏమిచ్చినా ముందు ఆ పేరు చూపించి అడగమని.

ఆయన కాసేపు స్ట్రిప్పు తిప్పి చూశాడు. "అంటే రంగుతోని పన్లేదన్నట్టు" అన్నాడు.

"పన్లేదు బాపూ."

"లేబులు గూడ కాదు."

"లేబులు గూడ కాదు."

"మరి గిన్నేండ్లు చెప్పకపోతిరి?"

నా దగ్గర జవాబు లేదు.

తర్వాతి ఏడు చలికాలంలో బాపు దోస్తు ఒకాయన, జీడీకేలో కలిసి పనిచేసిన మనిషి, మా ఇంటికొచ్చాడు. కాళ్ళ నొప్పులని, తల తిరుగుడని ఏవో చెప్పుకుంటూ జేబులోంచి తన గోళీలు తీశాడు. బాపు అద్దాలు పెట్టుకుని, ఇంగ్లీషు రాకపోయినా, తన స్ట్రిప్పు మీది అక్షరాల ఆకారాన్ని ఆయన స్ట్రిప్పు మీది అక్షరాలతో ఒక్కొక్కటిగా పోల్చి చూశాడు. ముందు సగం కలవలేదు. చివరి సగం కలిసింది. నాకు ఫోన్ చేశాడు.

"బిడ్డా, గీన గోళి పేరు వేరున్నది గని, ఆఖర్న మనదాని లెక్కనే ఉన్నది. గిది గూడ డిపినోళ్ళ ఇంటిదేనా?"

ఫొటో పంపించమన్నాను. నిఫెడిపిన్.

"ఆ ఇంటిదే బాపూ" అన్నాను. "కానీ అది ఆయనది. నువ్వేసుకోకు."